అంటకుండా అందించడం

అంటీ ముట్టనట్టు ఉండడం అనే మాటని మన ఇళ్ళల్లో మెచ్చుకోలుగా వాడగా నేనెప్పుడూ వినలేదు. "వాళ్ళ కోడలు బొత్తిగా అంటీ ముట్టనట్టుంటుందండీ" అన్నారంటే ఆ అమ్మాయి మంచిది కాదని అర్థం. "కొడుకు అంటీ ముట్టనట్టున్నాడు" అంటే వాడికి తల్లి మీద ప్రేమ తగ్గిందని అర్థం. ప్రేమ ఉన్నచోట దూరం ఉండకూడదు, దూరం ఉందంటే ప్రేమ లేదు. ఇదీ మన లెక్క. ఈ లెక్క పట్టుకుని ఎన్ని కాపురాలు నడుస్తున్నాయో, ఎన్ని చితికిపోయాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఈ లెక్క సరైనదేనా అని నాకీ మధ్య అనుమానం వచ్చింది. రావడానికి నాకో సొంత కారణం ఉంది. మావారు పోయి మూడేళ్ళయింది. విజయవాడ సత్యనారాయణపురంలో మూడు గదుల ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. కొడుకూ కోడలూ అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రిస్కో అనే ఊళ్ళో ఉంటారు. "వచ్చి మాతోనే ఉండిపోమ్మా" అని వాడు. "మీరొక్కరూ అక్కడెందుకు అత్తయ్యా?" అని ఆ అమ్మాయి. ఇద్దరూ మనస్ఫూర్తిగా అన్న మాటలే. రానంటే వాళ్ళ మీద ప్రేమ లేనట్టు. సరేనంటే, ఇక ఈ ఇంటి తాళం తీసేదెవరు? మా అక్కయ్య మాత్రం, "కన్నకొడుకు పిలుస్తుంటే ఆలోచించడమేమిటే?" అని ఒక్కమాటలో తేల్చేసింది.

ఆలోచించడమేమిటో చెబుతాను. అయితే ఆ ఆలోచనకి దారి చూపించింది ఏ వేదాంత గ్రంథమూ కాదు. రెండు కిలోల పైచిలుకు బరువున్న ఓ ఇనపదిమ్మ. దాని పేరు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. పేరు చూసి పేజీ తిప్పేయకండి. మిక్సీ ప్లగ్గు పెట్టడం తెలిసినవాళ్ళెవరికైనా ఇది అర్థమవుతుంది.

ఫ్రిస్కోలో నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం అని ఒకటుంది. 2016లో తెరిచారు. పాతకాలపు ఆటల పెట్టెలు వరసగా నిలబెట్టి ఉంటాయి. కిందటేడు నేను వెళ్ళినప్పుడు మనవణ్ణి తీసుకుని అందరం చూడబోయాం. మనవడి కంటే వాళ్ళ నాన్నకే పిచ్చి ఎక్కువ పట్టుకుంది. నెల తిరక్కుండానే ఎవరి దగ్గరో మూలపడి ఉన్న పాక్‌మాన్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చి గరాజ్‌లో నిలబెట్టాడు. మనిషెత్తు చెక్క బీరువా. నడుం పైన ఏటవాలుగా టీవీ తెర, దాని కింద ఒక పుల్ల, ఇంకా కిందకి డబ్బులు వేసే ఇనప తలుపు.

పాక్‌మాన్ అంటే తెలుసుగా? ఒక పసుప్పచ్చ గుండ్రటి బిళ్ళ నోరు తెరుచుకుని చుక్కలన్నీ మింగుకుంటూ పోతుంటుంది. నాలుగు దయ్యాలు వెంటబడుతుంటాయి. 1980లో జపాన్‌లో నామ్కో అనే కంపెనీ తెచ్చింది. తయారుచేసినాయన పేరు తోరు ఇవతాని. అప్పటికి ఆటల పెట్టెలన్నీ మగపిల్లల అడ్డాలు, ఆటలన్నీ కాల్చుకోవడాలు, పేల్చుకోవడాలు. ఆడవాళ్ళు కూడా వచ్చి ఆడుకునేలా ఉండాలని ఆయన తినడం గురించి ఆట కట్టాడట. జపాన్ భాషలో నోరు ఆడిస్తూ తినే చప్పుడు "పాకుపాకు". అందులోంచే ఈ పేరు వచ్చింది. ఆడవాళ్ళనగానే తిండి గుర్తొచ్చిందా ఆయనకి అని నేనూ మీలాగే అనుకున్నాను. కానీ ఆయన లెక్క తప్పలేదు. 1982లో అమెరికాలో ఆ బిళ్ళకి రిబ్బను ముడి పెట్టి మిస్ పాక్‌మాన్ అని ఇంకో ఆట కూడా వదిలారు.

సరే, మా అబ్బాయి కొన్న పెట్టె. పైకి బాగానే ఉంది, లోపల మాత్రం ఎవరో వైద్యం చేశారు. అడుగున ఉండాల్సిన పాత ట్రాన్స్‌ఫార్మర్ పీకేసి, ఈ కాలపు చిన్న పవర్ సప్లై ఒకటి బిగించి, టీవీకి వెళ్ళే రెండు వైర్లనీ తిన్నగా గోడ కరెంటుకి కలిపేశారు. అది చూసి మావాడు ప్లగ్గు పెట్టకుండానే వెనక్కి తగ్గాడు. "ఇలాగే ఆన్ చేస్తే ఫ్యూజు పోతే అదృష్టం, పోకపోతే పిల్లాడి ప్రాణం మీదికొస్తుందమ్మా" అన్నాడు.

ఎందుకని అడిగాను. వాడు చెప్పింది నాకు అర్థమైన భాషలో చెబుతాను.

గోడలోంచి కరెంటు రెండు తీగల్లో వస్తుంది. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. ఈ న్యూట్రల్‌ని మెయిన్ బోర్డు దగ్గరో, కరెంటు వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో భూమికి కలిపి ఉంచుతారు. అది మంచికే చేసిన ఏర్పాటు. కానీ దానివల్ల ఒక చిత్రం జరుగుతుంది. నేల మీద నిలబడ్డ ప్రతి మనిషీ ఒక తీగని అప్పటికే పట్టుకుని ఉన్నట్టు లెక్క. ఇంక రెండో తీగ తగిలితే చాలు, షాకు. షాకు కొట్టాలంటే రెండు తీగలూ పట్టుకోవాలని చిన్నప్పుడు చదివిన పాఠం అబద్ధం కాదు. పుట్టుకతోనే మనం ఒకటి పట్టుకుని ఉన్నామన్నది మాత్రం ఆ పాఠంలో చెప్పలేదు.

ఆ పాత టీవీలున్నాయే, వాటిల్లో చాలావాటికి గోడ కరెంటు ఏ అడ్డూ లేకుండా లోపలి ఇనప చట్రం దాకా వచ్చేసేది. ఇంట్లో టీవీ అయితే ఫరవాలేదు. చుట్టూ చెక్క పెట్టె, ప్లాస్టిక్ మరలు. లోపల వేలు పెట్టేవాళ్ళు లేరు. ఈ ఆటపెట్టెలో అలా కుదరదు. టీవీనుంచి ఆట బోర్డుకి తీగలు వెళ్ళాలి. ఆ బోర్డునుంచి పుల్లకీ, మీటలకీ, డబ్బుల తలుపుకీ వెళ్ళాలి. ఆ తలుపు మీద చెయ్యేసి నిలబడేది చెమట చేతుల పిల్లాడు. అందుకని గోడకీ టీవీకీ మధ్య ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

మన వీధి చివర స్తంభానికి వేలాడే ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేల వోల్టులు తీసుకుని 230 చేసి మన ఇంటికి పంపిస్తుంది. ఇది అలా ఏమీ తగ్గించదు, పెంచదు. అమెరికాలో గోడకి 120 వోల్టులు వస్తుంది. ఇది 120 తీసుకుని 120 ఇస్తుంది.

"మరి మధ్యలో ఇది చేసిందేమిట్రా?" అన్నాను.

"ఏమీ చెయ్యదమ్మా. విడదీస్తుంది, అంతే" అన్నాడు.

ఇనప రేకుల దిమ్మ ఒకటి. దాని మీద రెండు రాగితీగ చుట్టలు. ఒక చుట్ట గోడవైపుది, ఇంకోటి టీవీ వైపుది. ఆ తీగకి ఈ తీగ ఎక్కడా తగలదు. గోడవైపు చుట్టలో కరెంటు సెకనుకి 60 సార్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఇనుములో అయస్కాంత శక్తి దానితోపాటు ఊగుతుంది. ఆ ఊపుకి రెండో చుట్టలో కొత్తగా కరెంటు పుడుతుంది. మొదటి చుట్టలోని కరెంటు ఒక్క బొట్టు కూడా రెండోదాంట్లోకి రాదు. శక్తి మాత్రం దాదాపు అంతా వస్తుంది. ఇటుపక్క పుట్టిన కరెంటుకి భూమితో బంధుత్వం లేదు. తిరిగి చేరాలనుకుంటే తన చుట్టకే చేరుతుంది. అందుకని టీవీ చట్రాన్ని ధైర్యంగా తక్కిన పెట్టెతో కలిపి, అంతటినీ ఎర్త్ చెయ్యవచ్చు. పిల్లవాడు తలుపు మీద చెయ్యేసి ఆడుకోవచ్చు.

1831 ఆగస్టు 29న లండన్‌లో మైకేల్ ఫారడే ఒక ఇనప కడియం మీద రెండు తీగలు విడివిడిగా చుట్టి ఈ సంగతి కనిపెట్టాడు. ఆ కడియం ఇప్పటికీ అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉంది. ఆయన మొదటి చుట్టకి బ్యాటరీ తగిలించినప్పుడు రెండోవైపు ముల్లు ఒక్కసారి కదిలింది. తగిలించి అలాగే ఉంచితే మళ్ళీ కదల్లేదు. తీసేసినప్పుడు మళ్ళీ కదిలింది. కదలకుండా ఒకేలా ఉన్నది అవతలికి దాటదన్నమాట. ఇది విన్నప్పుడు నాకు పుట్టింటికి వెళ్ళిన రోజూ, తిరిగొచ్చిన రోజూ గుర్తొచ్చాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో మావారి ముల్లు కదిలింది సరిగ్గా ఆ రెండు రోజులే!

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. కంపెనీ వాళ్ళు పంపిందే కదా అని మావాడు వెంటనే బిగించెయ్యలేదు. ముందు పరీక్ష చేశాడు. అక్కడే నా ఆలోచన మొదలైంది.

దేనికీ ప్లగ్గు లేదు. చేతిలో చిన్న మీటరు, ఓముల దగ్గర పెట్టి ఉంది. మొదట గోడవైపు చుట్ట రెండు కొసల మీదా ముళ్ళు ఆనించాడు. కొద్ది ఓములు చూపించింది. అంటే తీగ లోపల తెగలేదు. తరవాత టీవీ వైపు చుట్ట. అదీ కొద్ది ఓములే. ఇక అసలు పరీక్ష. ఒక ముల్లు ఈ చుట్టకి, ఇంకోటి ఆ చుట్టకి. మీటరు ఏమీ చూపించకూడదు. చూపించలేదు. తరవాత ఒక్కో చుట్టకీ ఇనప దిమ్మకీ మధ్య చూశాడు. అక్కడా ఏమీ చూపించకూడదు. చూపించలేదు. "మంచిది" అన్నాడు.

నేను వంటింట్లోంచి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చిచ్చాను. అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మీరు చూసే ఉంటారు. ఇక్కడినుంచి మోసుకెళ్ళిన మిక్సీకి 230 వోల్టులు కావాలిగా, దానికోసం 120ని 230 చేసే బరువైన డబ్బా. పైకి అదీ ఇదీ ఒకే జాతి. మావాడు దానికీ అదే పరీక్ష చేశాడు. లోపలికి వచ్చే తీగకీ బయటికి పోయే తీగకీ మధ్య మీటరు కొద్ది ఓములు చూపించింది! "ఇందులో రెండు చుట్టలు లేవమ్మా. ఒకే చుట్ట. మధ్యలోంచి ఒక కొస బయటికి లాగారు. ఇలాంటి డబ్బాలు చాలామటుకు ఇంతే" అన్నాడు. దాన్ని ఆటో ట్రాన్స్‌ఫార్మర్ అంటారట. నేను మాత్రం ఉమ్మడి చుట్ట అని పేరు పెట్టాను.

ఉమ్మడి చుట్ట చెడ్డదని కాదు. రాగి తక్కువ పడుతుంది, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. మిక్సీకి అది చక్కగా సరిపోతుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో ఒకే పొయ్యి మీద పదిమందికి వండి ఒదుగు చూసుకున్నట్టు. కానీ చట్రం బయటపడి ఉన్నచోట, చిన్న పిల్లల చేతులు తగిలేచోట ఉమ్మడి చుట్ట పనికిరాదు. ఒక వైపు కొట్టిన దెబ్బ తిన్నగా రెండోవైపు తగులుతుంది. వోల్టులు కొలిస్తే ఈ తేడా తెలియదు. మెరుగు పెట్టిన డబ్బా చూస్తే అసలే తెలియదు. కరెంటు పెట్టకముందు, తీరిగ్గా కూర్చుని, ఒక్కో కొసా ముట్టి చూస్తేనే తెలుస్తుంది.

నాకు తోచిందేమిటంటే, మన లెక్కలో రెండు పరీక్షల్ని కలిపి ఒకటి చేసేశాం. "చుట్ట లోపల తీగ తెగిందా?" అనేది ఒక పరీక్ష. "రెండు చుట్టల మధ్యా దూరం ఉందా?" అనేది ఇంకో పరీక్ష. తీగ తెగిన చుట్ట ఏమీ ఇవ్వదు. అది చచ్చిన చుట్ట. దూరం ఉన్న చుట్ట అంతా ఇస్తుంది. పైనుంచి చూసేవాళ్ళకి రెండూ అంటీ ముట్టనట్టే ఉంటాయి. కోడలు వేరుకాపురం పెట్టిందంటే మనం చూసేది రెండో సంగతి. ప్రేమ లేదని తీర్పు చెప్పేది మొదటి సంగతి మీద. మీటరు ఒకచోట పెట్టి లెక్క ఇంకోచోట రాసుకుంటే తీర్పు తప్పక ఏమవుతుంది?

అయితే దూరాలన్నీ ఒక్కటేనా? కాదు. ఇక్కడ కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి.

మా అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేసేది. మేం పిల్లలం దగ్గరికి వెళితే "ముట్టుకోకండర్రా" అని కేకేసేది. అయినా మా విస్తట్లో నెయ్యి ఎంత పడిందో ఆవిడకి తెలుసు. అంటకుండానే అందించేది. కానీ అదే మడి పేరు చెప్పి, పెరట్లో పనిచేసే మనిషికి ఎత్తునుంచి దోసిట్లోకి నీళ్ళు పోసేది కూడా ఆవిడే. అదీ అంటకుండా అందించడమేగా? కాదు. ఎందుకు కాదో ఆ గరాజ్‌లో నాకు తేటగా తెలిసింది. ఆ ఇనపదిమ్మలో దూరం పెట్టింది ముట్టుకునేవాడి క్షేమం కోసం. ఆ చెమట చేతుల పిల్లాడి కోసం. దోసిట్లోకి నీళ్ళు పోసే దూరం పోసేవాళ్ళ గొప్ప కోసం. అవతలి మనిషిని మైలని అనుకోవడం కోసం. చూడ్డానికి రెండిట్లోనూ మధ్య ఖాళీ ఉంది. ఎవరి కోసం పెట్టిన ఖాళీ అన్నదే తేడా. తామరాకు మీద నీటిబొట్టులా ఉండమంటారు పెద్దలు. తామరాకు తాను తడవకుండా చూసుకుంటుంది. బాగానే ఉంది, కానీ నీటిబొట్టుకి ఆకు వల్ల ఒరిగిందేమిటి? నాకు తామరాకు కంటే ఈ రెండు చుట్టలే నచ్చాయి.

పరీక్ష అయ్యాక వైర్లు కలపడం. వెనక తలుపు తీసి, ప్లగ్గు పీకి ఉన్నా సరే, మావాడు ముందు పిక్చర్ ట్యూబు జోలికి పోకుండా దాని చార్జి దింపాడు. ఆ గాజు బుడ్డిలో వేల వోల్టులు ప్లగ్గు పీకిన తరవాత కూడా కాచుకుని ఉంటాయిట. తెలియనివాళ్ళు అందులో చెయ్యి పెట్టకూడదు. మా మనవణ్ణి నేను గడప ఇవతలే పట్టుకుని కూర్చున్నాను.

గోడ నుంచి వచ్చే ఫేజు ముందు ఫ్యూజులోకి, అక్కణ్ణించి స్విచ్చికి, స్విచ్చినుంచి మొదటి చుట్టకి. న్యూట్రల్ రెండో కొసకి. మూడోది, ఎర్త్ వైరు, ట్రాన్స్‌ఫార్మర్ ఇనప దిమ్మకీ, పెట్టెలో ఉన్న ప్రతి లోహానికీ, డబ్బుల తలుపుకి కూడా. రెండో చుట్ట తీగలు రెండూ టీవీకి, టీవీకి మాత్రమే. దారిలో ఇంకెక్కడా తగిలించకూడదు. ఒక కొసని తీసుకెళ్ళి గోడ న్యూట్రల్‌కి కలిపామా, ఇంత పనీ వృథా. రెండు చుట్టలూ మళ్ళీ ఒకటైపోతాయి. మంచి ఉద్దేశంతోనే కొందరు అలా కలిపేస్తారట. వేరుకాపురం పెట్టించి, తాళంచెవి ఇంకోటి తమ దగ్గర ఉంచుకుని, చెప్పకుండా వచ్చి పోపులడబ్బా సర్దే అత్తగారిలాగ!

టీవీకి తగిలించకముందు ఒక తమాషా జరిగింది. రెండో చుట్టలో ఒక కొసకీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే సున్నా రావాలి. కొన్ని వోల్టులు చూపించింది. నాకు గుండె ఝల్లుమంది. మావాడు నవ్వి, అదే చోట ఒక చిన్న బల్బు తగిలించాడు. బల్బు వెలగలేదు సరికదా, మీటరు కూడా సున్నాకి పడిపోయింది. "అది దయ్యం వోల్టేజి అమ్మా. మీటరు మరీ సున్నితం కనక లేనిదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. పని చెబితే నిలబడదు" అన్నాడు. ఆ ముందురోజు కోడలు "మీ ఇష్టం అత్తయ్యా" అన్న తీరు గురించి నేను రాత్రంతా ఆలోచించాను. ఆ అమ్మాయే అంతకు రెండు వారాల ముందు నాకు జ్వరమొస్తే ఆఫీసు మానేసి పక్కన కూర్చుంది. మన మనసులు మరీ సున్నితమైన మీటర్లు. అనుమానం వచ్చినప్పుడల్లా ఒక బల్బు తగిలించి చూసుకోవడం మంచిది.

మొదటిసారి కరెంటు పెట్టినప్పుడు కూడా దారిలో పాతరకం నూరు వాట్ల బల్బు ఒకటి కలిపి పెట్టాడు. లోపల ఎక్కడైనా షార్టుంటే బల్బు భగ్గుమని వెలిగి ఆ దెబ్బ తనమీద వేసుకుంటుంది. బల్బు ఒకసారి వెలిగి, కాసేపటికి మసకబారింది. అంతా సవ్యంగా ఉన్నట్టు. బల్బు తీసేసి మళ్ళీ పెడితే తెర మీద బొమ్మ వచ్చింది.

ఇంతవరకూ దూరానికి వకాల్తా పుచ్చుకుని మాట్లాడాను. దాని ఖరీదు కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ముందుగా, ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది కదా అని రెండో చుట్ట తీగలు రెండూ పట్టుకుంటే షాకు తప్పదు. అది సర్వరక్ష కాదు. రెండోది అంతకంటే పెద్ద సంగతి. అమెరికాలో గరాజ్ ప్లగ్గుల్లో ఒక కాపలా స్విచ్చి ఉంటుంది. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ లెక్క చూసి, అయిదారు మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా టక్కున కట్టేస్తుంది. మన ఇళ్ళల్లో 30 మిల్లీ ఆంపియర్లకి కట్టయ్యేవి పెడుతుంటారు. కానీ ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల, రెండో చుట్టలో ఎవరికైనా షాకు కొడుతున్నా ఈ కాపలా స్విచ్చికి తెలియదు. దాని లెక్కలో వెళ్ళిందీ వచ్చిందీ సరిగ్గానే ఉంటాయి.

ఇది విన్నాక నేను చాలాసేపు మాట్లాడలేదు. విజయవాడలో రాత్రి పూట బాత్‌రూములో కాలు జారితే, ఫ్రిస్కోలో ఏ స్విచ్చీ టక్కుమనదు. వాళ్ళ లెక్కలో అంతా సరిగ్గానే ఉంటుంది. దూరాన్ని పొగిడేవాళ్ళు ఈ మాట ఎత్తరు. మా అక్కయ్య భయం అదే. ఆవిణ్ణి చాదస్తమని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు.

"మరి అవతలవైపు ఏమైనా అయితే ఎలారా?" అని అడిగాను, పెట్టె గురించే అన్నట్టు.

"దాని ఫ్యూజు దానికి వేరే ఉండాలమ్మా. టీవీకి సొంత ఫ్యూజు ఉంది చూడు" అని చూపించాడు. వాడు నావైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. నేను పెట్టె గురించి అడగలేదని వాడికి తెలిసిందనుకుంటాను.

అందుకని మేం ఇలా అనుకున్నాం. ఏడాదికి కొన్ని నెలలు నేను అక్కడికి వెళతాను. తక్కిన రోజులు నా ఇంట్లో నేనుంటాను. నా ఇంటి తాళంచెవి ఇంకోటి పక్కింటావిడ దగ్గర ఉంటుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి, వాళ్ళకది పొద్దున్నపూట, ఫోను. తొమ్మిది దాటినా నా గొంతు వినిపించకపోతే మావాడు పక్కింటికి ఫోను చేస్తాడు. ఇది నా వైపు ఫ్యూజు. ఇంకో షరతు నేను పెట్టాను. ఫోనులో వాళ్ళింట్లో ఏం కూర వండారో అడుగుతాను గానీ, ఎందుకు వండారో అడగను. "దూరం ఉండాలనేం కాదమ్మా, రావాలనిపించిన రోజు ఆలోచించకుండా వచ్చెయ్యి" అన్నాడు వాడు. మంచాన పడిన రోజు ఏం చెయ్యాలో అప్పుడు చూసుకుంటాం. ఆ రోజు ఉమ్మడి చుట్టే కావాలేమో. అవసరాన్ని బట్టి చుట్ట గానీ, చుట్టని బట్టి అవసరం కాదుగా.

అందరూ నాలా చెయ్యాలని నేననను. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో ఉంటూ కూడా మధ్య జానెడు ఖాళీ ఉంచుకుని బంగారంలా బతికేవాళ్ళున్నారు. వేల మైళ్ళ దూరాన ఉండి కూడా రోజూ తీగ తగిలించి షాకులిచ్చేవాళ్ళున్నారు. ఎక్కడున్నామన్నది కాదు, మన దూరాన్ని మనం ఎప్పుడైనా పరీక్ష చేసి చూసుకున్నామా అన్నది ప్రశ్న. నా మటుకు నాకు మూడు ప్రశ్నలు చాలనిపిస్తోంది. ఈ ఖాళీ ఎవరి క్షేమం కోసం? ఖాళీ దాటి అందాల్సింది అందుతోందా? అవతల ఏదైనా అయితే తెలిసే దారి ఉందా?

చివరగా ఒక్క మాట. ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తున్నంతసేపూ సన్నగా ఊ... అని మోగుతూ ఉంటుంది. ఊగే అయస్కాంత శక్తికి ఇనప రేకులు కాస్త సాగి, కాస్త ముడుచుకోవడం వల్ల వచ్చే చప్పుడు. అక్కడి కరెంటుకి సెకనుకి 120 సార్లు, మన కరెంటుకి 100 సార్లు. రాత్రిపూట కథ చెబుతుంటే చీకట్లో పిల్లవాడు ఊ కొట్టినట్టుంటుంది. వాణ్ణి మనం పట్టుకుని కూర్చోనక్కర్లేదు. వింటున్నాడో లేదో చూడ్డానికి దీపం వెయ్యనక్కర్లేదు. ఊ వినిపిస్తున్నంతసేపూ కథ చెప్పుకుంటూ పోవచ్చు. ఆగిందంటే మాత్రం లేచి వెళ్ళి చూడాలి.